కోళ్ల కుండ మీద పడ్డ నింద

నా పెళ్లికి మా అమ్మ ఇచ్చిన సారెలో ఒక చెంబు పులిసిన నీళ్లు కూడా ఉన్నాయి. చెంబు మూతికి గుడ్డ కట్టి, కొబ్బరి తాడు బిగించి, తొణక్కుండా ఒళ్లో పెట్టుకొని తీసుకెళ్లమంది. నందిగాం దగ్గర మా ఊరి నుంచి టెక్కలికి ఒక బస్సు, టెక్కలి నుంచి పలాసకు ఇంకో బస్సు, అక్కడి నుంచి పూండి వైపు జీపు. జీపు దిగేసరికి నా చీర కుచ్చిళ్లన్నీ తరవాణి వాసన కొడుతున్నాయి. కొత్త కోడల్ని చూడడానికి వచ్చిన ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"కోడలు పసుపూ కుంకం తెత్తాదనుకుంటే పులుపు తెచ్చినాది," అంది మా అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు పదహారేళ్లు. ఎప్పుడు నవ్వకూడదో తెలియని వయసు.

ఆ నీళ్లు కోళ్ల కోసం. గంజి పులియబెట్టి చేసే తరవాణి గురించి మా జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మా అమ్మ దగ్గర మాత్రం కుండలు రెండు ఉండేవి, ఒకటి మనుషులకు, ఒకటి కోళ్లకు. కోళ్ల కుండ గురించి ఇక్కడ వివరంగా రాస్తాను. దాని గురించి ఏమీ తెలియనివాళ్లే దాన్ని ఎక్కువ తిట్టారు.

నూకలు రెండు వంతులు, తవుడు ఒక వంతు. ఇంట్లో చోళ్లు, అంటే రాగులు, ఉంటే ఒక గుప్పెడు. అన్నీ కుండలో పోసి, పైన నాలుగు వేళ్ల ఎత్తు నిలిచేలా నీళ్లు పోయాలి. దాంట్లో పాత కుండ అడుగు నీళ్లు ఒక చిప్పెడు కలపాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొబ్బరి చిప్ప గరిటెతో అడుగంటా తిప్పాలి. పల్చటి గుడ్డ కట్టాలి తప్ప మూత బిగించకూడదు, లోపల ఉన్నదానికి ఊపిరాడాలి. ఎండాకాలంలో రెండో రోజుకే బుడగలు లేస్తాయి. చెవి దగ్గర పెడితే చిటచిటమని వినిపిస్తుంది. వానాకాలంలో మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు. మజ్జిగ లాంటి వాసన వస్తే మేత తయారైనట్టు. పైన తెల్లటి తెర కడితే భయం లేదు. నల్ల బూజు పడితేనో, కుళ్లు కంపు కొడితేనో పారబోయాలి. కోళ్లకు పెట్టేటప్పుడు నీళ్లు వడకట్టి ముద్దగా పెట్టాలి. వడకట్టిన నీళ్లు మళ్లీ కుండలోకే పోవాలి.

అడుగు ఎప్పుడూ ఎండకూడదు. మా అమ్మ వైపు ఆడవాళ్లకు అదొక కట్టుబాటు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే ఆ అడుగులోంచి ఒక చెంబు ఆమెతో వెళ్లాలి. మా అమ్మ తన అమ్మ దగ్గర నుంచి అలాగే తెచ్చుకుంది.

పొడి నూకలు చల్లితే కోడి సగం తిని సగం ఇసుకపాలు చేస్తుంది. మా ఉద్దానం ఇసుకలో పడ్డ నూక మళ్లీ కంటికి కనిపించదు. పులిసిన ముద్దను మాత్రం గిన్నె గీకి మరీ తింటుంది. రెట్ట గట్టిగా పడుతుంది, గుడ్డు పెంకు గట్టిపడుతుంది. మొదట నవ్విన మా అత్తే ఏడాది తిరక్కుండా గుడ్డును వేలితో కొట్టి చూసి, "రాయినాగున్నాదే," అంది. నాకు అక్క వరసయ్యే ఎదురింటి అప్ప అయితే తనకూ ఒక చెంబు అడుగు నీళ్లు కావాలని అడిగి పట్టుకెళ్లింది.

ఆ ఇంట్లో కొబ్బరి తోట మగవాళ్లది, జీడి తోట మగవాళ్లది, వరి పండే పల్లం మగవాళ్లది. కోళ్లు మాత్రం నావి. ఏ పెట్టను పొదగెయ్యాలి, ఏ పుంజును ఉంచాలి, గుడ్డు ఎవరికి పెట్టాలి అనేది నేను చెప్పిందే. మా మరిది నా పెళ్లినాటికి రెండో తరగతి చదువుతున్నాడు. పదో తరగతి పూర్తయ్యేదాకా బడికి వెళ్లే ముందు రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టి పెట్టాను. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాడు వాడొక్కడే. నాకు చాలా ఏళ్లకు పుట్టిన కూతురికీ అదే కుండ మేత తిన్న కోళ్ల గుడ్లు పెట్టి పెంచాను. పద్దెనిమిదేళ్లు ఆ కుండ ఆ ఇంట్లో నడిచింది. పద్దెనిమిదేళ్లలో కోళ్లను గద్ద ఎత్తుకుపోయింది, ముంగిస కొరికింది, తెగులు తీసుకుపోయింది. పులుపు తిని ఒక్క కోడీ చావలేదు. ఈ మాట మళ్లీ మళ్లీ రాయాలని ఉంది.

తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో సంవత్సరం. నాట్ల ముందు నారుమళ్లు పోసిన వారం. మా మరిది సగం ఖాళీ అయిన ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చి వసారాలో పడేశాడు.

"వొదినా, ఇత్తనం మిగిలిపోనాది. కోళ్లకెయ్యి."

చెయ్యి పెట్టి తీస్తే వడ్లు గులాబీ రంగులో ఉన్నాయి. రంగు అరచేతికి అంటుకుంది. మా వడ్లు అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటిది బాబూ, ఇలాగెర్రగున్నాయి?"

"కొత్త రకం వొదినా. కల్తీ సెయ్యకుండా రంగేసి ఇత్తారు."

"సంచీ మీద ఏటి రాసినారో ఓపాలి సదువు."

వాడు సంచి వైపు ఒకసారి చూశాడు. వంగను కూడా వంగలేదు. "వరి విత్తనం అని రాసినారు. ఇంకేటి రాత్తారు? నీకెందుకు, సదూతావేటి?" అని నవ్వి, భుజం మీద తువ్వాలు వేసుకొని వెళ్లిపోయాడు.

నేను అడిగాను. ఇది కూడా మళ్లీ రాయాలి. అడగకుండా చేసిన పని కాదు అది.

వడ్లు దంచి కుండలో పోశాను. తవుడు కలిపాను. అడుగు నీళ్లతో సహా అంతా ఎరుపెక్కింది. రెండో రోజు చూస్తే బుడగల్లేవు. చెవి పెట్టాను, చప్పుడు లేదు. వాన ముసురు పట్టింది కదా, చల్లదనానికి ఆలస్యమవుతోంది అనుకున్నాను. మూడో రోజు కూడా అంతే. మజ్జిగ వాసన లేదు, కుళ్లు వాసనా లేదు, ఏదో ఘాటు. మనుషుల తరవాణి కుండలోంచి ఒక చిప్పెడు తెచ్చి పోశాను. నాలుగో రోజు పొద్దునకి అదీ చచ్చినట్టే పడి ఉంది.

పద్దెనిమిదేళ్లు ఆ కుండతో బతికినదాన్ని. అది పలకలేదంటే ఏదో తేడా ఉందని నా ముక్కుకు తెలిసింది, చెవికి తెలిసింది. కానీ చదువుకున్నవాడు సంచి చూసి ఏం లేదన్నాడు. నా ముక్కు కంటే వాడి చదువు గొప్పదనుకున్నాను. అందరి మీదా కోపం వచ్చినట్టే ఆనాటి నా మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ ముద్దను వడకట్టి కోళ్లకు పెట్టాను. పొడిగా చల్లి ఉంటే అవి కొంచెం తిని వదిలేసేవేమో. పొదుపుగా, ఒక్క గింజ పోకుండా, మా అమ్మ చెప్పినట్టే పెట్టాను. అవి గిన్నె గీకి మరీ తిన్నాయి.

మధ్యాహ్నానికి తలలు వేలాడేశాయి. కాళ్లు పట్టు తప్పి పక్కకు పడ్డాయి. పదకొండు పెట్టలు, రెండు పుంజులు, పొదుగు దిగి పది రోజులైన పిల్లలు. ఒక పెట్ట రెక్క కింద పిల్లల్ని దాచుకొని అలాగే పోయింది. సాయంత్రానికి పెరట్లో నడిచే కోడి ఒక్కటీ లేదు.

మా ఆయన కత్తి తెచ్చాడు. కొనప్రాణం ఉన్న పుంజును కోస్తే కూరకైనా పనికొస్తుందని. పల్లెల్లో అందరూ చేసే పనే. మా అత్త అడ్డం పడింది.

"ఒరే, కుళ్లిన పులుపు తిన్న కోడిరా అది. మనకీ వాంతులొత్తాయి. పాతెయ్యి."

"అత్తా, అది పులవనేదు," అన్నాను. "ఈ పాలి కుండ పులవనేదు. నాలుగు దినాలైనా బుడగ రానేదు."

"పులవకపోతే మరెందుకు సచ్చినాయే? సెప్పు. సెప్పవే."

అరుగు మీద మా మరిది కూర్చొని ఉన్నాడు. పేపరు తిప్పుతూనే ఉన్నాడు. మా అత్త లోపలికి వెళ్లి కోళ్ల కుండ ఎత్తి తెచ్చి కొబ్బరి చెట్టు మొదట్లో వేసి కొట్టింది. నేను అందులోంచి నీళ్లు తీశానని మనుషుల తరవాణి కుండను కూడా బయటపెట్టి కొట్టింది. "నీ పుట్టింటి పులుపు ఇక ఈ గుమ్మంలోకి రాకూడదు," అంది. పుట్టింట్లో అప్పటికి మా అమ్మ లేదు, ఆ కుండా లేదు. చెంబెడు నీళ్లు మళ్లీ తెచ్చుకోవడానికి నాకు ఏ ఇల్లూ మిగల్లేదు.

ఆ తర్వాత ఊళ్లో నా పేరు పోయి పులుపుది అయ్యాను. జీడిపప్పు ఒలిచే పనికి పలాస వెళ్తే అక్కడా అదే. అన్నం డబ్బా తెరిస్తే, "ఒలే, ఏటి పులిసిందో సూసుకొని తినండి," అనేవారు. నవ్వుతూనే అనేవారు. నవ్వుతూ అన్న మాటకు తిరిగి తిట్టడం ఎలాగో నాకు రాదు. ఇంటికి కొత్త కోళ్లు వచ్చాయి, అవి మా అత్తవి. ఆవిడ పొడి నూకలు ఇసుకలో చల్లేది. గుడ్డు పట్టుకుంటే పెంకు నొక్కుకుపోయేది.

చదువు నేర్చుకున్నది ఆ కోపంతోనే. ఆడవాళ్లకు చదువు చెప్తామని ఊళ్లో పదో తరగతి పాసైన ఒక పిల్ల బడి వసారాలో పొద్దుగూకే ముందు గంటసేపు కూర్చునేది. చాలామంది సంతకం వచ్చేదాకా వచ్చి మానేశారు. నేను మానలేదు. అప్పటికి నాకు నలభై దగ్గర పడ్డాయి. జీడి గింజల జిగురుకు వేళ్ల చర్మం ఊడి ఉండేది, పలక బలపం పట్టుకుంటే మంటెత్తేది. ఆ పిల్ల, "అత్తా, ఈరోజుకి సాలు," అన్నా లేచేదాన్ని కాదు. గుణింతాలు నాలుగు నెలలు. ఒత్తులు ఇంకా ఎక్కువ. పుస్తకంలో బొమ్మ కింద 'కోడి' అని ఉండేది. పక్క పేజీలో 'కోళ్లు'. ఆ ళ్లు రాయడానికి వారం పట్టింది. తర్వాత కనిపించిందల్లా చదివేదాన్ని. బస్సు బోర్డు, సబ్బు కాగితం, గోడ మీద రాతలు. టెక్కలి బస్సనుకొని ఎక్కబోయి, బోర్డు మీద ఇచ్ఛాపురం అని చదివి వెనక్కి తగ్గిన రోజున, ఇంటికొచ్చి మా అమ్మాయికి ఆ సంగతి రెండుసార్లు చెప్పాను.

మా పెరట్లో స్నానానికి తాటాకుల దడి ఉండేది. దాని గుమ్మానికి తలుపు లేదు. ఆనాటి విత్తనాల సంచిని మా అత్త ఉతికి, కోసి, తెరలాగా కట్టింది. అక్షరాలు లోపలి వైపుకు ఉండేవి. ఆరేళ్లు నేను రోజూ ఆ అక్షరాలకు ఎదురుగా నిలబడి స్నానం చేశాను. అవి నాకు ఎర్రటి పురుగుల్లా కనిపించేవి, అంతే.

ఒకరోజు తల మీద నీళ్లు పోసుకుంటూ ఉంటే ఆ పురుగుల మధ్య 'కోళ్ల' అని కనిపించింది. నా పుస్తకంలోని ళ్ల. చెంబు కింద పెట్టి దగ్గరికి వెళ్లాను. పైన పెద్ద అక్షరాలు వరి విత్తనం అని. కింద బరువు. ఇంకా కింద, కుట్టు పక్కన, చీమల బారంత సన్నగా ఒక వరుస. సగం వెలిసిపోయింది. ఆ రోజు మొత్తం రాలేదు. మర్నాడు మళ్లీ చదివాను, ఇంకోనాడు మళ్లీ. వేలు పెట్టి ఒక్కో అక్షరం. మూడో స్నానానికి వాక్యం పూర్తయింది.

'ఈ విత్తనాలకు విషపు మందు పట్టించబడినది. మనుషుల ఆహారమునకు గాని, పశువుల, కోళ్ల మేతకు గాని వాడరాదు.'

తడి బట్టలతోనే కొడవలి తెచ్చి ఆ సంచిని దడి నుంచి కోశాను. చీర మార్చుకున్నంత సేపు మాత్రం ఆగాను. మా మరిది అరుగు మీద పేపరు చదువుతున్నాడు. చుట్టూ నలుగురైదుగురు మగవాళ్లు వింటున్నారు. సంచి తీసుకెళ్లి పేపరు మీద పరిచాను.

"ఏటొదినా, దడి పీకి తెచ్చీసినావు? రేపటి నించి తానం ఎక్కడ సేత్తావు?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఇది సదువు బాబూ. నువ్వు సదివితే ఇనాలనున్నాది."

"వరి విత్తనం. అప్పుడే సెప్పినాను కదా."

"కింద సదువు."

"కింద బరువు."

"దాని కింద."

వాడు సంచి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. పెదాలు కదుపుతూ లోపలే చదువుకున్నాడు. నేను వాడి చేతిలోంచి లాక్కొని, వేలు పెట్టి, పైకి చదివాను. ఒత్తుల దగ్గర ఆగుతూ, తడబడుతూ చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అప్పుడు పెద్దచ్చరాలే సూసినాను వొదినా," అన్నాడు వాడు చివరికి. "అంత సిన్నవి ఎవుడు సదువుతాడు?"

"నేను సదివినాను."

లోపలి నుంచి మా అత్త వచ్చింది. విషయం విన్నది. "కోళ్లే కదే. ఎప్పుడో సచ్చిపోనాయి. ఇప్పుడెందుకు పాతిన పీనుగులు తవ్వుతావు?"

"కోళ్ల గురించి కాదత్తా. ఆ దినాన నీ పెద్దకొడుకు పుంజుని కోసుంటే నా కూతురు గుంట ముందు తినీది. మనమందరం తినీవోళ్లం. ఆ ఇసం నా కుండనీ సంపీసినాది, అందుకే అది పులవనేదు. నేను సెప్పినాను, ఎవులూ ఇననేదు. కోళ్లని కుండ సంపనేదని ఒక్క పాలి అను. ఈళ్లందరూ ఉన్నారు, ఈళ్ల ముందరను."

ఆవిడ నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "పొయ్యి మీద కూర మాడతన్నాది సూడు పో," అంది.

కూర మాడడం లేదు. నేను లోపలికి వెళ్లి చూశాను కూడా. నీళ్లలో తేలుతూ ఉడుకుతోంది.

జీడి తోట నుంచి వచ్చాక మా ఆయనకు చెప్పాను. "ఆడేటో సిన్నోడు, తెలీక సేసినాడు, వొదిలీ," అన్నాడు. ఆ సిన్నోడికి అప్పటికి ముప్ఫై దాటాయి. నేను సంచి అడిగిన రోజున వాడికి పాతికేళ్లు. నాకు తెలియకపోతే నేను పులుపుదాన్ని, వాడికి తెలియకపోతే వాడు చిన్నవాడు. చదువు రానిదానికి పడ్డ శిక్ష చదువు వచ్చినవాడికి ఎందుకు పడదో ఆ ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఎదురింటి అప్ప పెరటి వైపు నుంచి వచ్చింది. కొంగు చాటున చెంబు. మూతికి గుడ్డ, కొబ్బరి తాడు. విప్పగానే వాసన తెలిసింది. మా అమ్మ కుండది.

"నీకాడ అట్టుకెల్లిందే. ఇన్నాళ్లూ ఆపనేదు," అంది గుసగుసగా. "నా కోళ్లు దినామూ ఇదే తింటన్నాయి. పులుపుకి సావవని నాకు తెల్దేటి?"

"తెలిస్తే ఆ దినాన ఎందుకు సెప్పనేదప్పా? నీ కోళ్లు అదే తిని తిరుగుతన్నాయని ఒక్క మాట అంటే సరిపోను."

"మీ అత్త నోట్లో నోరెట్టడానికి నేనెవులినే?"

ఆ చెంబు విసిరికొట్టాలనిపించింది. ఆరేళ్లు ఎదురింట్లో మా అమ్మ కుండ బుడగలు వేస్తూనే ఉంది, ఆవిడ నన్ను చూసి అందరితో పాటు నవ్వుతూనే ఉంది. కానీ చెంబులో ఉన్నది ఆవిడది కాదు. తీసుకున్నాను. వెళ్లొస్తానంటే తల ఊపలేదు.

కొత్త కుండ కొని వసారాలో, నడిచేవాళ్లందరికీ కనిపించేచోట పెట్టాను. నూకలు, తవుడు, చోళ్లు, అడుగు నీళ్లు. ఎండలు బాగా కాస్తున్నాయి, రెండో రోజుకే చిటచిటలాడింది. అత్త కోళ్లకే పెట్టాను. ఆవిడ అడ్డు చెప్పలేదు, సరే అని కూడా అనలేదు. సంచిలోని ఆ వరుసను చుట్టూ కత్తిరించి కుండకు పైన గోడకు మేకులతో కొట్టాను. మా మరిది వసారాలోంచి నడిచేటప్పుడు తల అటు తిప్పుకొని పోతాడు.

ఇప్పుడు మా అత్తకు బీపీ మాత్రలు. చిన్న కొడుకు అరుగు మీదే ఉంటాడు, పేపరు చదువుతూ. ఆవిడ అతన్ని దాటుకొని వంటింట్లోకి వచ్చి మాత్రల అట్ట నా ముందు పెడుతుంది.

"ఒలే, ఈటి మీద సిన్నచ్చరాలు ఏటున్నాయో సూడు."

వెలుగులోకి తీసుకెళ్లి మొత్తం చదువుతాను, గడువు నెలతో సహా. కుండ కోళ్లను చంపలేదన్న మాట ఆవిడ నోటి నుంచి ఇంకా రాలేదు. అట్ట తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకునే ఉంటాను. ఆవిడ కూడా లాక్కోదు, నిలబడుతుంది. తర్వాత మాత్ర వేసుకొని, కోళ్లకు ముద్ద వడకట్టడానికి వసారాలోకి వెళ్తుంది. నీళ్లు మళ్లీ కుండలోకే పోస్తుందా లేదా అని వెనక నుంచి చూస్తూ నిలబడతాను. పోస్తుంది.